ఒరే అంటే నేను

మా వీరదుర్గక్క ఎప్పుడూ జపాను వెళ్ళలేదు. కానీ హకాటాలో నూడుల్స్ బండి ఏ మూల ఆగుతుందో, ఒసాకాలో కాలవ గట్టు మెట్లు ఎన్నో, నాగసాకిలో ట్రాము దిగి కొండెక్కాలంటే ఎన్ని మలుపులు తిరగాలో ఆమెకు తెలుసు. కాకినాడలో మాత్రం మెయిన్ రోడ్డు దాటితే ఆటోవాణ్ణి అడుగుతుంది.

ఏటిమొగలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో టీవీ, దాని కింద నేను తెచ్చి పెట్టిన పాత గేమ్ కన్సోలు, పక్కన ఎవరూ విప్పని వలల మూట. జగన్నాథపురంలో నేను పనిచేసిన గేమ్స్ పార్లరు మూతపడినప్పుడు ఓనరు ఆ కన్సోలును పాత సామాన్లవాడికి వేసెయ్యబోతుంటే పట్టుకొచ్చాను. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక పార్లరుకొచ్చి ఆడేదెవరు? అప్పటికి నేను కాలేజీ మానేసి ఏడాది. మా ఇంట్లో పెడితే నాన్న దాన్నీ నన్నూ కలిపి బయట పడేస్తాడని అక్క వాళ్ళమ్మ, మా పెద్దమ్మ ఇంట్లో పెట్టాను. పనిచేసే డిస్కు ఒక్కటే ఉంది. పోర్టుకొచ్చిన ఓడ మీంచి దిగినవాడెవడో పార్లర్లో మరిచిపోయి వెళ్ళిన డిస్కు. అంతా జపాను భాషే. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి లేదు.

ఆ ఆటలో ఒక కుర్రాడుంటాడు. చేతిలో ఫొటో పట్టుకుని ఊరూరా తిరుగుతూ కనబడినవాళ్ళందరికీ చూపిస్తాడు. తప్పిపోయిన అన్న కోసం వెతుకుతున్నాడని మాకు మేమే తేల్చుకున్నాం. దారిలో రౌడీలు అడ్డుపడతారు, వాళ్ళను తన్నాలి. తన్నడం నా పని, తిరగడం అక్క పని. నెల తిరిగేసరికి నాకు విసుగొచ్చింది. ఆరేళ్ళయింది, ఆమెకు ఇప్పటికీ రాలేదు.

అక్కకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఊరి బయట రొయ్యల కంపెనీలో పని. గంబూట్లు, తలకు టోపీ, ముఖానికి మాస్కు, చేతులకు రెండు జతల గ్లవ్స్. ఐసు నీళ్ళలోంచి రొయ్య తియ్యాలి, తల తుంచాలి, పక్క ట్రేలో వెయ్యాలి. పొద్దుట ఆరు నుంచి రెండింటిదాకా అంతే. షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో వచ్చి, నీళ్ళు పోసుకుని, మూడింటికి టీవీ ముందు కూర్చునేది. వేళ్ళు అప్పటికీ మొద్దుబారే ఉండేవి. రిమోట్ పట్టుకుని స్టిక్కు తిప్పుతుంటే వేళ్ళకు వేడి పుడుతుందనేది. ఆ సాకు నేనూ నమ్మలేదు, ఆమే నమ్మలేదు.

ఒకసారి ఆమెను నెల్లాళ్ళు ప్యాకింగులో వేశారు. జపాను వెళ్ళే అట్టపెట్టెల మీద రెండక్షరాలు కనబడ్డాయి. ఆటలో ఒక హోటలు బోర్డు మీద, రొయ్య బొమ్మ పక్కన, అవే రెండక్షరాలు. ఆ సాయంత్రం వాటినెలా పలకాలో ఫోన్లో చూసుకుని, ఇంటికొచ్చి కుర్రాణ్ణి ఆ హోటలు ముందు నిలబెట్టి, "ఎబి! ఎబి అంటే రొయ్యరా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. అది ఆమె నేర్చుకున్న మొదటి మాట. అక్కణ్ణించి బోర్డులు కూడబలుక్కుంటూ, కుర్రాడి మాటలు వల్లించుకుంటూ, తెలియనివి ఫోన్లో వెతుక్కుంటూ మూడేళ్ళలో జపాను భాష పట్టేసింది. గురువు ఒక్కడే. రౌడీలను తన్నుకుంటూ వీధుల్లో తిరిగే ఆ కుర్రాడు.

వాడు ఏం మాట్లాడినా "ఒరె" అని మొదలుపెట్టేవాడు.

పెద్దమ్మ పేరు నూకరత్నం. పొద్దున్నే రేవులో వేలంపాటలో చేపలు కొని బజార్లో అమ్ముతుంది. ఆమె గొంతు బజారు ఈ చివర వింటే ఆ చివర బేరం తెగుతుంది. ఒక మధ్యాహ్నం వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుని టీవీ వైపు గుర్రుగా చూసింది.

"ఎవడే ఆడు? మనింట్లోకొచ్చి మనల్నే ఒరే అంటన్నాడు?"

"ఒరే కాదమ్మా, ఒరె. వాళ్ళ భాషలో ఒరె అంటే 'నేను' అని."

"నేను అనడానికి ఒరే అంటాడా?"

"అంటాడు."

"అంటే ఆణ్ణి ఆడే పిలుచుకుంటన్నాడా?" అని పెద్దమ్మ వెల్లుల్లి రెబ్బ గిన్నెలో వేసింది. "పాపం, పిలిచేవోళ్ళెవరూ లేరేమోనే ఎదవకి."

ఆ ఆటలో ఒక్కో ఊరికి ఒక్కో పండగ ఉంటుంది. హకాటాలో గోచీలు పెట్టుకున్న మగాళ్ళు ఇంటెత్తు రథాన్ని భుజాలకెత్తుకుని పరిగెత్తుతుంటే రోడ్డు పక్కవాళ్ళు బక్కెట్లతో నీళ్ళు కుమ్మరిస్తారు. అది చూసి పెద్దమ్మ, "మరిడమ్మ జాతరలో మనోళ్ళు గరగలెత్తినట్టే ఉందే, ఈళ్ళకి బట్టలే తక్కువ" అంది. తోకుషిమాలో మడిచిన చాటల్లాంటి టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు చేతులు పైకెత్తి వీధి నిండా ఆడతారు. ఆషాఢంలో మేం పెద్దాపురం ఆ మరిడమ్మ జాతరకే వెళ్ళినప్పుడు, గరగలు తలమీద పెట్టుకుని ఆడేవాళ్ళ ముందు తోసుకుంటున్న జనంలో అక్క నా చెవి దగ్గరకొచ్చి, "ఇక్కడ తాడు కట్టలేదు చూశావా? ముట్టుకునేంత దగ్గరికి వెళ్ళొచ్చు" అంది. ఏ తాడు గురించి అంటుందో నాకు తెలుసు.

నాగసాకి తాడు.

నాగసాకి పండగ మిగతా వాటిలా ఉండదు. పొద్దు వాలుతుండగా వీధిలోకి పడవలొస్తాయి. నీళ్ళ మీద కాదు, రోడ్డు మీద. దీపాలు కట్టిన పడవల్ని మనుషులే తోసుకుంటూ తీసుకొస్తారు. ముందు టపాకాయలు. చెవులు మూసుకోవాల్సినన్ని. పొగలోంచి పడవ, పడవ వెనక పొగ. నాలుగేళ్ళ కిందట ఆ పండగ మొదటిసారి వచ్చినరోజు నేను పక్కనే ఉన్నాను. అక్క రిమోట్ ఒళ్ళో పెట్టేసింది.

"ఇది పండగ కాదురా" అంది.

"మరేంటి?"

"సాగనంపుతున్నారు. చూడు, పడవ తోసేవాళ్ళలో ఒక్కడి మొహంలో నవ్వుందా? మన దగ్గర శవం ముందు కాలుస్తారే, అలా కాలుస్తున్నారు. శవం మాత్రం లేదు."

అప్పటికి ఆమెకు వాళ్ళ భాష ఒక్క ముక్క రాదు. అయినా సరిగ్గానే చెప్పిందని, అవి పోయినవాళ్ళను సాగనంపే పడవలేనని తర్వాత తెలిసింది.

ఇక్కడ పెదనాన్న సంగతి చెప్పాలి. భీమరాజు పెదనాన్న తొమ్మిదేళ్ళ కిందట ఇద్దరితో కలిసి సముద్రం మీద వేటకు వెళ్ళాడు. గాలి లేచింది. నాలుగోరోజు పడవ భైరవపాలెం దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇంజను ఉంది, ఐసు పెట్టె ఉంది, మనుషులు లేరు. మిగతా ఇద్దరి ఇళ్ళలో కొన్నాళ్ళు చూసి దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు, పదకొండోరోజు అన్నాలు పెట్టారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. కులపెద్దలొచ్చి కూర్చుంటే, "ఆయనకి ఈతొచ్చు" అని లోపలికెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళుగా అదే మాట. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. ఆయన గురించి ఆమె 'ఉండేవాడు' అనగా నేను వినలేదు. "ఆయనకి చింతకాయ పచ్చడి పడదు." "ఆయన ఎడమపక్కకి తిరిగి పడుకుంటాడు." అలాగే చెబుతుంది, ఇవాళో రేపో వలల మూట విప్పడానికి వస్తాడన్నట్టు.

టీవీలో నాగసాకి టపాకాయలు మొదలవగానే పెద్దమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకని అక్క అడగలేదు, పెద్దమ్మ చెప్పలేదు.

ఆ వీధిలో పడవలకూ జనానికీ మధ్య ఒక తాడు కట్టి ఉంటుంది. కుర్రాడు తాడు దాకా వెళ్ళగలడు. అవతలికి వెళ్ళలేడు. స్టిక్కు ముందుకు నొక్కితే కాళ్ళు ఆడతాయి, మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. అక్క నొక్కుతూనే ఉండేది. ఆ నొక్కుడుకు స్టిక్కు మీది రబ్బరు అరిగి తెల్లబడింది, నేను రెండుసార్లు మార్చాను. కథ ముందుకు కదిలితే ఆ సాయంత్రం గడిచిపోతుంది, నాగసాకి పండగ మళ్ళీ రాదు. అందుకని ఆమె కథనే ఆపేసింది. వాణ్ణి ఆ సాయంత్రంలోనే ఉంచి, కావలసినప్పుడు హకాటా, ఒసాకా తిప్పుకొచ్చి మళ్ళీ తాడు దగ్గర నిలబెట్టేది. తప్పిపోయిన కుర్రాడి అన్న ఎక్కడున్నాడో ఎవరికీ పట్టలేదు.

ఈ వేసవిలో ఒక కబురొచ్చింది. భానుగుడి దగ్గర జపాను భాష నేర్పి అక్కడి ఉద్యోగాలకు పంపే సత్యకుమారి గారని ఒకావిడ ఉన్నారు. చేపలు శుభ్రం చేసి ప్యాక్ చేసే పనికి జపాను నుంచి ఒక కంపెనీ మనుషుల్ని ఎంచుకోవడానికి వస్తోందని ఆవిడ బోర్డు పెట్టారు. అక్కడివి చాలా కంపెనీలు ఉత్తరాన మంచు కురిసే చోట ఉంటాయట. ఇది మాత్రం నాగసాకికి బస్సులో వెళ్ళొచ్చేంత దగ్గర రేవు. అక్క ఆ సాయంత్రమే పేరిచ్చింది. నాతో కూడా ఇప్పించింది.

ఇంటర్వ్యూకు నా బండి మీద వెళ్తుంటే అడిగాను, "నిజం చెప్పు. అక్కడికెళ్ళి మళ్ళీ చేపల తలలు తుంచడానికేనా?"

"ఆ తాడు దాటాలిరా" అంది వెనక నుంచి. "నాన్నకి ఒక పడవ పెట్టాలి. ఇక్కడ అమ్మ పెట్టనివ్వదు."

హోటలు హాల్లో నలుగురేసి చొప్పున పిలిచారు. మేమిద్దరం ఒకే జట్టు. బల్ల అవతల మోరిటా గారని అరవై దాటిన పెద్దాయన. కంపెనీ యజమానే అయినా, ఆ వేళ్ళ మీద కత్తిగాట్లు చూస్తే చిన్నప్పుడు చేపలు కోసినవాడేనని తెలిసిపోతుంది. పక్కన అనువాదానికి సత్యకుమారి గారు. నా వంతు రెండు నిమిషాల్లో అయిపోయింది. జపాను ఎందుకు రావాలనుకుంటున్నావని అడిగితే, "ఇక్కడ ఏముందండి" అన్నాను. సత్యకుమారి గారు దాన్ని అనువాదం చెయ్యలేదు.

అక్క లేచి నిలబడింది. అదే ప్రశ్న. ఆమె చేతులు కట్టుకుని, తల వంచి, గుక్కతిప్పుకోకుండా చెప్పింది:

"ఒరె వా ఫునె గా మితై అండి."

మోరిటా గారు కళ్ళజోడు తీసేశారు. భుజాలు కదిలిపోయేలా నవ్వు. సత్యకుమారి గారు తలపట్టుకున్నారు.

"వీరదుర్గా, ఎవరు నేర్పారమ్మా ఇది నీకు? ఒరె అనేది మగాళ్ళు, అదీ స్నేహితుల మధ్య వాడే మాట. పెద్దవాళ్ళ ముందు ఆడపిల్ల అలా అంటే మీసం మెలేసి మాట్లాడినట్టుంటుంది. వతషి అనాలి."

"ఆటలో కుర్రాడు అలాగే అంటాడండి."

"మరి చివర ఆ అండి ఏంటి?"

అక్కకు అప్పటిదాకా తెలియదు, తను అండి అందని. మనవాళ్ళం ఎవరైనా అంతే, పెద్దాయన ఎదురుగా ఉంటే ఏ భాషైనా చివర్లో అండి పడిపోతుంది. అండి అంటే ఏమిటని మోరిటా గారు అడిగారు. గౌరవమని సత్యకుమారి గారు చెప్పారు. ఆయన తన గుండె మీద వేలు పెట్టుకుని, "మోరిటా అండి" అని మళ్ళీ నవ్వారు. ఆ తర్వాత, పడవలు చూడాలనుందంటున్నావు, ఏ పడవలని అడిగారు.

నాగసాకి పడవలని అక్క చెప్పింది. ఆట గురించీ చెప్పింది. ఆయన నవ్వు ఆగింది.

"మీ ఇంట్లో ఎవరికోసం?"

"మా నాన్నకండి. సముద్రంలో."

"ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిదేళ్ళండి."

ఆయన నెమ్మదిగా ఏదో చెప్పారు. సత్యకుమారి గారు ఇంకా నెమ్మదిగా చెప్పారు. "ఆ పడవ, మనిషి పోయిన తర్వాత వచ్చే మొదటి ఏడాది పండక్కి మాత్రమేనంట అమ్మా. ఆ తర్వాత ఏళ్ళలో పడవ ఉండదు. చిన్న గడ్డిచాపలో పళ్ళూ పూలూ చుట్టి పంపుతారంట."

నాలుగేళ్ళు ఆ వీధిలో నిలబడింది ఆమె. ఆ సంగతి ఆటలో ఏ బోర్డు మీదా రాసిలేదు, ఏ మనిషీ చెప్పలేదు. అక్క చేతులు, రొయ్య తల తుంచేటప్పటిలా, వేలు మీద వేలు నొక్కుకుంటున్నాయి. ఇక కూర్చుంటుందనుకున్నాను.

"మాకింకా మొదటి ఏడు రాలేదని చెప్పండి" అంది తెలుగులో.

"అంటే ఏంటమ్మా?"

"మా నాన్న పోయాడని మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదండి. ఏ ఏడు ఒప్పుకుంటే అదే మొదటి ఏడు."

సత్యకుమారి గారు దాన్ని ఎలా చెప్పాలో చూసుకుని, చివరికి చెప్పారు. మోరిటా గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కాయితం మీద ఏదో రాసుకుని, లేచి నిలబడి, అక్కకు తల వంచారు. మిగతా ముగ్గురికి కూర్చునే వంచారు, ఆ తేడా నేను చూశాను.

వారం తర్వాత జాబితా వచ్చింది. ఇద్దరి పేర్లూ లేవు. నాది లేకపోవడంలో వింతేమీ లేదు. అక్కకు సత్యకుమారి గారు ఫోన్ చేశారు. భాష పరీక్ష పాసు కాకుండా తీసుకునే వీలు లేదట, మోరిటా గారు వచ్చే వేసవికి మళ్ళీ వస్తారట, పరీక్ష పాసై, ఒరె మానేసి, వతషి అనడం నేర్చుకుని రమ్మన్నారట. "నీ పేరు ఆయన కాయితంలో ఉందమ్మా" అన్నారు చివర్లో.

జాబితా చూసుకుని మేం ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని కత్తిపీట మీద చేప కోస్తోంది.

"ఏమన్నారే?"

"రాలేదు."

"ఎందుకు రాలేదు? ఏమడిగాడు ఆయన, నువ్వేమన్నావు?"

అక్క చెప్పులు విప్పుతోంది. నేను ఊరుకోవలసింది, ఊరుకోలేదు. "ఒరె వా ఫునె గా మితై అండి అంది పెద్దమ్మా."

పెద్దమ్మ కత్తిపీట మీంచి తలెత్తింది. "అంత పెద్దాయన్ని పట్టుకుని ఒరే అని పిలిచి మిఠాయి అడిగావా? ఇంకెందుకు పిలుస్తాడే నిన్ను?"

అక్కకు నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. పెద్దమ్మ కూడా చేప పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే అక్క అనేసింది, "మిఠాయి కాదమ్మా, మితై. చూడాలనుంది అని."

"ఏం చూడాలనుంది?"

నవ్వు అక్కడితో తెగింది. ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

"పడవలు" అంది అక్క. "నువ్వు పెరట్లోకి వెళ్ళిపోతావే, అప్పుడొచ్చే పడవలు. మొదటి ఏడాదే వదులుతారంటమ్మా. తర్వాత వదలరంట."

పెద్దమ్మ చేప కోయడం పూర్తి చేసింది. ముక్కలు కడిగింది, ఉప్పు, పసుపు పట్టించి మూతపెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి టీవీ ముందు చాపమీద కూర్చుంది.

"పెట్టు" అంది.

"ఏంటమ్మా?"

"ఆ ఆట పెట్టవే."

కుర్రాడు ఎప్పటిలాగే తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. టపాకాయలు మొదలయ్యాయి. పెద్దమ్మ లేవలేదు. పొగలోంచి మొదటి పడవ వచ్చింది, రెండోది వచ్చింది. బజార్లో చేప మొప్ప ఎత్తి చూసేటప్పుడు కళ్ళు చిట్లించినట్టు, కళ్ళు చిట్లించి చూసింది.

"ముందు ఏం రాశారే?"

"ఇంటిపేరు. పోయినవాళ్ళది."

"రెండే అక్షరాలున్నాయి."

"వాళ్ళవి అంతే ఉంటాయమ్మా."

"మనది నాలుగు. మైలపల్లి." పెద్దమ్మ గాలిలో వేలితో కొలిచింది. "పడతాదా అక్కడ?"

"పడుతుంది" అంది అక్క.

మూడో పడవ దాటింది. అక్క అలవాటుగా స్టిక్కు ముందుకు నొక్కింది. కుర్రాడి కాళ్ళు ఆడుతున్నాయి.

"ఎల్లడేం ఆడు?"

"వెళ్ళనివ్వరమ్మా. ఇక్కడిదాకానే."

పెద్దమ్మ ఇంకాసేపు చూసింది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"ఈ ఏడొద్దులేవే" అంది. "నువ్వు ఆ పరీక్షేదో రాయి. వచ్చే ఏడు చూద్దాం."

వలల మూట పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగింది.

"ఈత బాగా వచ్చేదే ఆయనకి."

వచ్చేది, అంది. అక్క వెనక్కి తిరగలేదు. పెద్దమ్మ పెరట్లోకి వెళ్ళాక కూడా ఆమె బొటనవేలు స్టిక్కు మీంచి కదలలేదు. టీవీలో కుర్రాడు తాడుకు ఇవతల నడుస్తూనే ఉన్నాడు. ఆమె పెదాలు కదులుతుంటే విన్నాను. "వతషి" అంటోంది. మళ్ళీ, "వతషి."